రెండు సీట్లు, ఒకే జీతం

(ఫెడరేషన్ ప్రాంతీయ సభ సందర్భంగా జరిగిన కార్మిక కుటుంబాల సదస్సులో విద్యా సహాయ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో సాధారణంగా వేతన ఒప్పందాలను గురించి, కరువు భత్యాన్ని గురించి, కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణను గురించి చర్చించుకుంటాం. ఈ పూట వాటిని కొంతసేపు ప్రక్కనుంచి, మీలో చాలామంది ఇళ్ళలో ప్రతి ఏటా ప్రవేశాల కాలంలో నిద్ర లేకుండా చేసే ఒక ప్రశ్నను మీ ముందుంచదలచాం. "పిల్లకు రెండుచోట్ల ఇంజనీరింగు సీటు వచ్చింది. దేనిలో చేర్పించాలి?"

పైకి ఇది చదువుకు సంబంధించిన ప్రశ్న. లోపల ఇది జీతానికి సంబంధించిన ప్రశ్న. ఏండ్ల తరబడి పోరాడి మనం సాధించుకున్న వేతన పెంపుదల, ప్రవేశాల వేళ తొందరపడి తీసుకున్న ఒక్క నిర్ణయంతో పదేండ్ల బ్యాంకు వాయిదాలలో కరిగిపోగలదు. అందుచేత ఇది సంఘం పట్టించుకోవలసిన విషయమేనని మేము భావిస్తున్నాం.

ఒక డ్రైవరు సోదరుని లెక్క

కొంతకాలం క్రితం రోడ్డు రవాణా సంస్థలో పనిచేస్తున్న ఒక డ్రైవరు సోదరుడు, భార్యను, కుమార్తెను వెంటబెట్టుకొని మా కార్యాలయానికి వచ్చారు. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో కాపురం. కోతలన్నీ పోగా చేతికి వచ్చే జీతం నెలకు 40 వేలు. అద్దె ఇల్లు. పదవ తరగతి చదువుతున్న కొడుకు. ఆయన చేతిలో రెండు కాగితాలున్నాయి.

మొదటిది ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రాంగణ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు సీటు. సంవత్సరానికి ఫీజు 35 వేలు. హాస్టలు, మెస్సు కలిపి 45 వేలు. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, రాకపోకలు 15 వేలు. మొత్తం 95 వేలు.

రెండవది ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు సీటు. ఫీజు 2 లక్షల 60 వేలు. హాస్టలు, మెస్సు 1 లక్షా 20 వేలు. ఇతర ఖర్చులు 30 వేలు. మొత్తం 4 లక్షల 10 వేలు. అయిదు రోజులలోగా బయానా కట్టకపోతే సీటు పోతుందని ఫోనుమీద ఫోను వస్తున్నది.

ఆ సోదరుడు ఇలా అన్నారు: "అయ్యా, ఇరవై ఆరేండ్లుగా స్టీరింగు పట్టుకున్నాను. ఊరివాళ్ళ పిల్లలందరినీ కాలేజీలకు చేరవేశాను. డబ్బుకు వెనుదీసి నా బిడ్డను తక్కువ చదువులో వేశానని రేపు అది అనుకుంటే, నేను తల ఎత్తుకోగలనా?"

ఆయన భార్య అడిగినది ఒకే మాట: "మరి చిన్నవాడి చదువు?"

ఆ అమ్మాయి చాలాసేపు తల వంచుకొని కూర్చున్నది. చివరకు, "నాన్నా, నాకు కంప్యూటర్లంటే ఇష్టమే. కాని ఆ అప్పు నా పేరుమీదనే ఉంటుందని బ్యాంకులో చెప్పారు కదా. నాకు ఉద్యోగం రాకపోతే ఎట్లా?" అన్నది.

మిత్రులారా, ఆ ముగ్గురూ అడిగిన మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. ఒకటి గౌరవానికి, ఒకటి సమానత్వానికి, ఒకటి భవిష్యత్తుకు సంబంధించినవి. ఈ మూడింటికీ సమాధానం చెప్పకుండా సలహా ఇవ్వడం మాకు తగదు. అందుకని ముందుగా కాగితం, కలం తీసుకొని కూర్చున్నాం.

నాలుగేండ్లకు మొదటి సీటు ఖర్చు 3 లక్షల 80 వేలు. రెండవ సీటు ఖర్చు 16 లక్షల 40 వేలు. తేడా 12 లక్షల 60 వేలు. మొదటి సీటుకు నెలకు సుమారు 7,900 రూపాయలు తీయాలి. కష్టమే, అయినా అప్పు లేకుండా నెట్టుకురావచ్చు. రెండవ సీటుకు ఏటా 2 లక్షలు బ్యాంకు అప్పు తెచ్చినా, మిగిలిన 2 లక్షల 10 వేలకు నెలకు 17,500 రూపాయలు జీతంలోనుంచే తీయాలి. అంటే 40 వేలలో మిగిలేది 22,500. దానిలోనే అద్దె, తిండి, మందులు, చిన్నవాడి చదువు.

బ్యాంకు అప్పు ఎట్లా పెరుగుతుంది

ఇక ఆ బ్యాంకు అప్పు సంగతి చూద్దాం. విద్యా రుణంలో విద్యార్థి అసలు రుణగ్రహీత; తల్లి లేక తండ్రి సహ రుణగ్రహీత. చదువుకునే కాలంలోనూ, ఆ తర్వాత ఒక సంవత్సరంపాటూ వాయిదాలు కట్టనక్కరలేదు. దీనినే చాలామంది "అయిదేండ్లు వడ్డీ లేదు" అని పొరబడుతున్నారు. వడ్డీ మొదటి రోజునుంచే నడుస్తుంది. కట్టడం మాత్రమే వాయిదా పడుతుంది.

లెక్కకోసం వడ్డీ నూటికి ఏటా 10 రూపాయలనుకుందాం. మొదటి సంవత్సరం తెచ్చిన 2 లక్షలకు అయిదేండ్ల సాధారణ వడ్డీ 1 లక్ష. రెండవ ఏటి 2 లక్షలకు నాలుగేండ్ల వడ్డీ 80 వేలు. మూడవదానికి 60 వేలు. నాల్గవదానికి 40 వేలు. మొత్తం వడ్డీ 2 లక్షల 80 వేలు. అంటే మొదటి వాయిదా కట్టబోయేనాటికే 8 లక్షల అప్పు 10 లక్షల 80 వేలవుతుంది. దానిని పదేండ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 14,270 రూపాయలు. పదేండ్లకు చెల్లించేది 17 లక్షలకు పైగా.

ఆ అమ్మాయికి మొదటి ఉద్యోగంలో నెలకు 25 వేలు చేతికి వచ్చినా, అందులో సగానికి మించి బ్యాంకుకే పోతుంది. పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థలలో ప్రవేశస్థాయి జీతం చాలాకాలంగా ఏడాదికి మూడున్నర లక్షల ప్రాంతంలోనే నిలిచిపోయిన సంగతి ఆ రంగంలో పిల్లలున్న వారందరికీ తెలుసు. 2025 జులైలో దేశంలోని అతిపెద్ద సాఫ్ట్‌వేరు సంస్థ అయిన టీసీఎస్ సుమారు 12 వేలమంది ఉద్యోగులను తగ్గించబోతున్నట్లు ప్రకటించింది. ఆ చదువే వద్దనడానికి మేము దీనిని చెప్పడం లేదు. "కంప్యూటర్ సైన్సు అయితే అప్పు దానంతట అదే తీరుతుంది" అనే మాటను ఎవరు చెప్పినా నమ్మి సంతకం పెట్టవద్దని మాత్రమే చెబుతున్నాం.

రుణాలలో తేడాలున్నాయి. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు ఆస్తి తనఖా అడగరు. ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా తనఖా అడుగుతారు. తల్లిదండ్రుల వార్షికాదాయం నాలుగున్నర లక్షలలోపు ఉంటే, చదువుకాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం 2009నుంచి ఉన్నది. మన డ్రైవరు సోదరుని ఆదాయం ఆ గీతకు కొద్దిగా పైన ఉన్నది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పి.ఎం. విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎంపికచేసిన ఉన్నత విద్యాసంస్థలలో సీటు వచ్చినవారికి తనఖా, హామీదారు లేకుండా రుణం, 8 లక్షల వరకు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ దాని సారాంశం. అయితే మీ పిల్లకు వచ్చిన సంస్థ ఆ జాబితాలో ఉన్నదా, లేదా అన్నది సంతకానికి ముందే చూసుకోవాలి. జాబితాలో లేని సంస్థ పేరు చెప్పి, ఈ పథకం ఆశ చూపి, బయానా కట్టించుకొనే మధ్యవర్తులు ఉన్నారు.

రెండు రకాల విశ్వవిద్యాలయాలు ఎట్లా వచ్చాయి

ఈ రెండు కాగితాలమధ్య ఇంత తేడా ఎందుకున్నదో పిల్లలకు కూడా తెలియాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడ్డాయి. కాకినాడ, అనంతపురం ఇంజనీరింగు కళాశాలల మూలాలు 1946లో ఉన్నాయి. 1959లో వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వెలసింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ప్రజాధనంతో నిర్మించిన ఈ విద్యాలయాలలో చదివి ఇంజనీర్లయిన రైతుబిడ్డలు, కార్మికుల బిడ్డలు ఎందరో ఉన్నారు.

తర్వాతి కాలంలో ప్రైవేటు కళాశాలలు పెరిగాయి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే చట్టం వచ్చింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు, ప్రైవేటు సంస్థలు తమ ఫీజులను నిర్ణయించుకోవచ్చుననీ, అయితే లాభాపేక్ష, క్యాపిటేషన్ ఫీజు కూడవనీ తీర్పునిచ్చింది. మరుసటి సంవత్సరపు తీర్పుతో రాష్ట్రాలలో ఫీజుల నియంత్రణ కమిటీలు ఏర్పడ్డాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు వీలు కల్పించే చట్టాలు ఆంధ్రప్రదేశ్‌లో 2016లో, తెలంగాణలో 2018లో వచ్చాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. కళాశాల వేరు, విశ్వవిద్యాలయం వేరు. విశ్వవిద్యాలయాలు సాంకేతిక కోర్సులు ప్రారంభించడానికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి ముందస్తు అనుమతి అక్కరలేదని భారతీదాసన్ విశ్వవిద్యాలయం కేసులో 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక పెద్ద భవనం, పెద్ద పేరు చూసి "అన్ని అనుమతులూ ఉండే ఉంటాయి" అనుకోరాదు. ఏ అనుమతి ఉన్నదో, ఏది లేదో కాగితం మీద చూపించమని అడగాలి. సంస్థ మొత్తానికి ఇచ్చే గుర్తింపు న్యాక్‌ది. ఆయా కోర్సుకు ఇచ్చే గుర్తింపు ఎన్.బి.ఎ.ది. మన పిల్ల చేరబోయే కోర్సుకు ఎన్.బి.ఎ. గుర్తింపు ఉన్నదా అన్నదే మనకు ముఖ్యం.

ప్రకటనలో ఉండే అంకె, ఉండని అంకె

డ్రైవరు సోదరుడు తెచ్చిన రంగుల పుస్తకంలో అట్టమీదనే ఒక విద్యార్థి ఫోటో, ఆ పక్కన ఏడాదికి లక్షలలో జీతం వేశారు. ఆ విద్యార్థి నిజమే కావచ్చు. కాని వేలమందిలో ఒకరికి వచ్చిన జీతం మన పిల్లకు వస్తుందనడం లాటరీ టిక్కెట్టును జీతం స్లిప్పుగా భావించడమే. మేము అడగమన్న ప్రశ్నలు వేరు. ఆ కోర్సులో చేరినవారెందరు? నాలుగేండ్లలో గట్టెక్కినవారెందరు? ఉద్యోగాలు వచ్చినవారెందరు? వారిని జీతం ప్రకారం వరుసలో నిలబెడితే నడిమధ్యన ఉన్న విద్యార్థికి ఎంత వచ్చింది?

ఈ చివరి అంకెనే మధ్యస్థ వేతనం అంటారు. 2016నుంచి కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తున్న జాతీయ ర్యాంకుల విధానంలో పాల్గొనే సంస్థలు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయో, మధ్యస్థ వేతనం ఎంతో, ఎందరు పైచదువులకు వెళ్ళారో తెలపాలి. ఆ సమాచారం ఎవరైనా చూడవచ్చు. అది సంస్థలు స్వయంగా ఇచ్చిన లెక్కే. అయినా అట్టమీది ఫోటోకంటే మేలు. దానికితోడు, ఆ కోర్సులోనే మూడవ, నాల్గవ సంవత్సరం చదువుతున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో, కళాశాలవారు చూపించినవారితో కాక, మనమే గేటు బయట పలకరించినవారితో మాట్లాడాలి. ప్రయోగశాల వారానికి ఎన్నిగంటలు తెరుస్తారు, పాఠం చెప్పేవారు ఏడాది మధ్యలో మారిపోతున్నారా, ఒక్కొక్క తరగతిలో ఎందరు కూర్చుంటున్నారు అని అడగాలి. 2024-25నుంచి మంచి స్థితిలో ఉన్న సంస్థలకు ఒక్కొక్క కోర్సులో సీట్ల గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యామండలి తొలగించింది. పర్యవసానంగా కంప్యూటర్ సైన్సులో సీట్లు విపరీతంగా పెరిగాయి. బోధకులు అంతే వేగంగా పెరిగారా అన్నది మనం అడగవలసిన ప్రశ్న.

ప్రభుత్వ సీటు అన్నంతమాత్రాన చౌక కాదు

ఇక రెండవ వైపు కూడా చెప్పాలి. లేనియెడల మేము పక్షపాతులమవుతాం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఎంతోకాలంగా అధ్యాపక పదవులు ఖాళీగా ఉన్నాయి. కాంట్రాక్టు అధ్యాపకులు, మన కాంట్రాక్టు కార్మికులవలెనే, సమాన పనికి అసమాన వేతనంతో బోధనాభారం మోస్తున్నారు. కొన్నిచోట్ల యంత్రాలు పాతబడ్డాయి. పైగా ప్రభుత్వ ప్రాంగణంలోనే "సెల్ఫ్ ఫైనాన్సు" పేరుతో ఎక్కువ ఫీజు సీట్లు ఉంటున్నాయి. బోర్డుమీద విశ్వవిద్యాలయం పేరు చూసి చేర్చి, రసీదు చూశాక గుండె ఆగినంతపని అయిన తండ్రులు మాకు తెలుసు.

మరొక ఉదాహరణ. ఒక కాంట్రాక్టు కార్మికుని కుమారునికి దూరాన ఉన్న ప్రభుత్వ కళాశాలలో సెల్ఫ్ ఫైనాన్సు సీటు, ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ కోటా సీటు వచ్చాయి. ఆ కుటుంబం ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హమైనది. ఇంట్లో తిని, బస్సు పాసుతో వెళ్ళి చదువుకొనే వీలున్నది. ఆ కోర్సుకు ఎన్.బి.ఎ. గుర్తింపు ఉన్నది. మేము ప్రైవేటు కళాశాలలోనే చేరమన్నాం. ఆ అబ్బాయి చక్కగా చదివి గట్టెక్కాడు. కనుక ప్రభుత్వమా, ప్రైవేటా అని సూత్రం వల్లించడం కాదు. ఇంటి గడపనుంచి తరగతి గది వరకు అయ్యే ప్రతి రూపాయినీ లెక్కవేయాలి.

రీయింబర్స్‌మెంటు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రైవేటు కళాశాలల్లో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటా, 30 మేనేజిమెంటు కోటా. మేనేజిమెంటు కోటాలో చేరినవారికి ఈ పథకం వర్తించదు. తెలంగాణలో చాలాకాలంగా అమలైన పద్ధతిలో, వెనుకబడిన తరగతుల, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల విద్యార్థులలో 10 వేలలోపు ర్యాంకు వచ్చినవారికి పూర్తి ఫీజు, మిగిలినవారికి 35 వేల వరకు మాత్రమే ప్రభుత్వం చెల్లిస్తుంది. మిగతాది తండ్రి జేబునుంచే రావాలి. పైగా ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయినప్పుడు, కొన్ని కళాశాలలు చదువు పూర్తయిన విద్యార్థినే "ముందు నీవు కట్టు" అని సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. బకాయి ప్రభుత్వానిది, శిక్ష విద్యార్థికి. ఈ బకాయిలను సకాలంలో విడుదల చేయించడం కూడా మన కోర్కెల పత్రంలో ఉండవలసిన అంశమే.

సర్టిఫికెట్లు తాకట్టు పెట్టిన ఇల్లు

మాకు ఇప్పటికీ బాధ కలిగించే ఉదంతం ఒకటి ఉన్నది. ఒక ఫ్యాక్టరీ కార్మికుడు 2019లో కుమారుణ్ణి ఒక ప్రైవేటు సంస్థలో మేనేజిమెంటు సీటులో చేర్పించారు. మమ్మల్ని అడగలేదు, అడిగేందుకు అప్పుడు ఈ ఉపసంఘమూ లేదు. బ్యాంకు కాదంటే, నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చారు. అంటే నెలకు 6 వేలు వడ్డీ. రెండేండ్లలో 1 లక్షా 44 వేలు కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. ఓవర్‌టైం పోయింది. కుమారుడు వెనుకబడ్డాడు, చదువు మానుకొని వేరేచోట చేరతానన్నాడు. మిగిలిన రెండేండ్ల ఫీజు కడితేగాని పదవ తరగతి, ఇంటర్మీడియెట్ అసలు సర్టిఫికెట్లు ఇవ్వమని ఆ సంస్థ చెప్పింది.

అప్పుడు మా దగ్గరకు వచ్చారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఏ సంస్థా విద్యార్థి అసలు సర్టిఫికెట్లను తనవద్ద ఉంచుకోరాదు; చదువుతున్న సెమిస్టరుకో, సంవత్సరానికో తప్ప ముందరి కాలానికి ఫీజు వసూలు చేయరాదు. ఆ ఆదేశాలను జతపరచి మూడు ఉత్తరాలు వ్రాశాం. నాల్గవసారి స్వయంగా వెళ్ళాం. సర్టిఫికెట్లు వచ్చాయి. కాని ఆ అబ్బాయికి ఒక సంవత్సరం పోయింది.

అంతకన్నా పెద్ద నష్టం తర్వాత తెలిసింది. అన్నయ్య ఫీజుకోసం ఆ ఇంటి ఆడపిల్లను ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరంలోనే మాన్పించారు. ఆమె ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. మేము సర్టిఫికెట్లు తీసుకొని వారింటికి వెళ్ళిన రోజున ఆ అమ్మాయే మాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఒకరి సీటుకోసం మరొకరి చదువు ఆగిపోవడమనే ఈ ఖర్చు ఏ ప్రాస్పెక్టసులోనూ అచ్చువేయరు. డ్రైవరు సోదరుని భార్య "మరి చిన్నవాడి చదువు?" అని అడిగినప్పుడు మాకు ఆ ఇల్లే జ్ఞప్తికి వచ్చింది.

తొందరపెట్టి బయానా కట్టించుకొనేవారి విషయంలో కూడా అదే ఆదేశాలు మనకు అండ. ప్రవేశాల ఆఖరు తేదీకి 15 రోజులకు ముందుగా మానుకుంటే, గరిష్ఠంగా 5 వేలకు మించని ఖర్చు మినహాయించి మొత్తం ఫీజు తిరిగి ఇవ్వాలి. ఆ తర్వాత ఆఖరు తేదీ వరకు 90 శాతం, ఆఖరు తేదీ దాటిన 15 రోజులలోపు 80 శాతం, 15నుంచి 30 రోజులలోపు 50 శాతం. ఆపై ఏమీ రాదు. కనుక తేదీ వ్రాసిపెట్టుకోండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

అడిగితే వచ్చే సహాయాలు

మనవారు అప్పుకోసం పదిచోట్ల తిరుగుతారు, హక్కుగా వచ్చే సహాయంకోసం ఒక దరఖాస్తు వ్రాయరు. కొన్ని చెబుతాం. సాంకేతిక విద్యామండలి ఆడపిల్లలకు ఇచ్చే ప్రగతి ఉపకారవేతనం ఏటా 50 వేలు. కుటుంబాదాయం 8 లక్షలలోపు ఉండాలి, ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు, మండలి ఆమోదమున్న సంస్థలో చేరి ఉండాలి. అంగవైకల్యమున్న విద్యార్థులకు సక్షమ్ పథకం ఉన్నది. మండలి ఆమోదించిన కోర్సులలో 8 లక్షలలోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు 5 శాతం అదనపు సీట్లలో ట్యూషన్ ఫీజు మినహాయింపు ఉన్నది. బీడీ కార్మికులు, సినిమా కార్మికులు, బొగ్గేతర గని కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మికశాఖ ఉపకారవేతనం ఇస్తుంది. భవన నిర్మాణ కార్మికులు 1996 చట్టం క్రింద ఏర్పడిన సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొని, తమ రాష్ట్రంలో ఉన్న విద్యా సహాయాన్ని అడగాలి.

ప్రావిడెంటు ఫండునుంచి పిల్లల పైచదువులకు తీసుకొనే వీలున్నది. ఈ నిబంధనలను సరళం చేయాలని 2025 అక్టోబరులో ట్రస్టీల బోర్డు నిర్ణయించింది. అయితే తీయడం సులభమైనకొద్దీ జాగ్రత్త పెరగాలి. అది మన ముసలితనపు కూడు. పిల్లలు సంపాదించి పెడతారన్న ఆశతో దానిని ఊడ్చివేస్తే, రేపు ఆ పిల్లల నెత్తినే రెండు బరువులు పడతాయి: ఒకటి బ్యాంకు వాయిదా, రెండు మన పోషణ.

పాలిటెక్నిక్ మార్గాన్ని చిన్నచూపు చూడవద్దు. పదవ తరగతి తర్వాత మూడేండ్ల డిప్లమా, దానిపై ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో నేరుగా ప్రవేశం. మధ్యలో అవసరమైతే ఉద్యోగమూ చేసుకోవచ్చు. గ్రామీణ విద్యార్థులకోసం 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ఏర్పడిన సాంకేతిక విద్యాలయాలలో పదవ తరగతి తర్వాతనే ఆరేండ్ల సమగ్ర కోర్సు ఉన్నది. చిన్నపిల్లలున్నవారు ఇప్పటినుంచే ఆలోచించాలి.

తెలుగునేలకు దూరంగా ఉన్న సోదరులకు ఒక మాట. షోలాపూరు, భివండి, సూరత్, ఖరగ్‌పూర్‌లలో తరతరాలుగా పనిచేస్తున్న మనవారు పిల్లల ఇంజనీరింగుకు సొంత రాష్ట్రంవైపే చూస్తారు. కాని ఇక్కడి సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకే. అక్కడే చదివిన మీ పిల్లలు ఇక్కడ సాధారణంగా స్థానికేతరులవుతారు. చివరకు మేనేజిమెంటు సీటే గతి అవుతుంది. అందుచేత మీరున్న రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను ముందుగా చూడండి. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు ఫీజు దేశంలోనే అతి తక్కువ వాటిలో ఒకటి. అది మీ పిల్లల హక్కు కూడా.

ఆ ఇంటి నిర్ణయం

డ్రైవరు సోదరుని ఇంటికి ఏది మేలో మేము తీర్పు చెప్పలేదు. రెండు లెక్కలనూ ఒకే కాగితంమీద పక్కపక్కన వ్రాసి ఇచ్చాం. ఆ ప్రభుత్వ కళాశాలకు వారిని తీసుకువెళ్ళాం. అక్కడ ఎలక్ట్రికల్ విభాగంలో కొన్ని పదవులు ఖాళీగా ఉన్నాయని విద్యార్థులే చెప్పారు. అదనపు క్రెడిట్లతో కంప్యూటర్ సైన్సును ఉపవిషయంగా చదివే వీలున్నదని కూడా వారే చెప్పారు. గేట్ పరీక్ష వ్రాసినవారికి ప్రభుత్వరంగ సంస్థలలో ఉద్యోగావకాశాలు, ఎం.టెక్.లో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం ఉన్నాయని, ఆ పరీక్షకు ఏ విశ్వవిద్యాలయపు పట్టా అని ఎవరూ అడగరని ఆ అమ్మాయి తెలుసుకున్నది.

ఆ రాత్రి ఇంట్లో ఏమి మాట్లాడుకున్నారో మాకు తెలియదు. మరునాడు ఆ సోదరుడు ఫోను చేసి, "అమ్మాయే తేల్చిందయ్యా. ప్రభుత్వ కాలేజీకే పోతానన్నది. నేను మాత్రం ఇంకా గుంజాటనలోనే ఉన్నాను," అన్నారు.

ఆమె చేరింది. ప్రగతి ఉపకారవేతనానికి ఎంపికైంది. డబ్బు ఏడాది చివరిలోగాని రాలేదు. ఒక సెమిస్టరులో ఒక పాఠ్యాంశానికి రెండు నెలలపాటు అధ్యాపకుడే లేడు. విద్యార్థులు వినతిపత్రం ఇస్తే వేరే విభాగంనుంచి ఒకరిని పంపారు. ఆ వినతిపత్రం వ్రాసినది తానేనని ఆమె మాకు నవ్వుతూ చెప్పింది. ఆమెకు మంచి ఉద్యోగం వస్తుందని మేము ఈ వేదికమీదనుంచి హామీ ఇవ్వలేం. అట్లా హామీ ఇచ్చేవారిని నమ్మవద్దనే ఇంతసేపూ చెప్పాం. చెప్పగలిగినది ఒకటే. ఆ ఇంటిమీద అప్పు లేదు. తమ్ముడు పాలిటెక్నిక్‌లో చేరాడు. ఆమె ఏ ఉద్యోగమైనా, ఏ పైచదువైనా ఎంచుకొనే స్వేచ్ఛతో బయటికి వస్తుంది. నెలనెలా 14 వేల వాయిదాకు భయపడి ఏది దొరికితే దానిలో తల దూర్చవలసిన అగత్యం ఆమెకు లేదు.

డబ్బుకు వెనుదీసి బిడ్డను చిన్నబుచ్చానేమోనని కుమిలిపోయే తండ్రులకు మా మనవి ఇది. లెక్క వేయడం పిసినారితనం కాదు. మనం యాజమాన్యంతో బేరమాడేటప్పుడు ప్రతి పైసా లెక్కగట్టి మాట్లాడతాం. దానిని ఎవరూ తక్కువతనమనరు. బిడ్డ భవిష్యత్తు విషయంలో అదే శ్రద్ధ చూపడం తండ్రి గౌరవానికి లోటు కాదు.

సంఘానికి కూడా ఒక కర్తవ్యం ఉన్నది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బలహీనపడితే కార్మికుని బిడ్డకు ఎంచుకొనడానికి రెండవ కాగితం ఉండదు. అప్పు కాగితమొక్కటే మిగులుతుంది. కనుక అధ్యాపకుల ఖాళీలను నింపాలని, రీయింబర్స్‌మెంటు బకాయిలు విడుదల చేయాలని మనం కోరడం మన ఇంటిపని చేసుకొనడమే.

ప్రతి శాఖా కార్యాలయంలో ప్రవేశాల కాలమంతా సాయంత్రం ఒక గంటపాటు, లెక్కలు తెలిసిన ఒక సభ్యుడు కూర్చొనే ఏర్పాటు చేయవలసిందిగా శాఖల కార్యదర్శులను కోరుతున్నాం. మీరు రెండు కాగితాలతో రండి. పిల్లను కూడా వెంటబెట్టుకొని రండి. అప్పు ఆమె పేరుమీద ఉండబోతున్నది గనుక, లెక్క ఆమె ముందే జరగాలి.